సల్మాబాద్ మీదుగా స్పితి

ఆగస్టు 18, ఆదివారం

హిమాలయ పర్వతాలకు, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వానికి, స్పితి లోయలో మేస్తున్న సమస్త జడల బర్రెలకు, వాటి దూడలకు, టాబో మఠంలో వెయ్యేళ్లుగా కదలకుండా కూర్చున్న బుద్ధులందరికీ టిమోతి అనే నేను, బి.ఎస్సీ. కంప్యూటర్స్, సెకండ్ క్లాస్, నేలకు నుదురు ఆనించి చేసుకునే క్షమాపణ ఏమనగా: ఈ పుస్తకంలో ఇక ముందు మీ గురించి రాయబోయే అబద్ధాలన్నిటికీ మనస్ఫూర్తిగా సిగ్గుపడుతున్నాను. నా కలం విరిగిపోవాలి. నా సిరా ఎండిపోవాలి. (కలం కంపెనీది. సిరా ఇంకా నిండుగా ఉంది.)

సిగ్గుపడటం పూర్తయింది. ఇక విషయం.

నేనిప్పుడు ఢిల్లీలో ఉండాలి. రేపు పొద్దున సిమ్లా బస్సెక్కాలి. పదిహేను రోజుల సెలవు, సంతకాలతో సహా మంజూరైంది. కానీ ఉన్నది నేను పనిచేసే ఈ అరబ్బుల ఎడారి దీవిలోనే, సల్మాబాద్ కార్మికుల క్యాంపులో, లింబాద్రన్న గదిలో, ఇనప మంచం కింది అంతస్తులో. పై అంతస్తు కూడా ఖాళీయే. నేను ఎక్కను.

లింబాద్రన్న మా కంపెనీ బస్సు నడుపుతాడు. నిజామాబాద్ మనిషి. అతనితో ఉండే ఇద్దరూ ఊళ్లకు వెళ్లారు కాబట్టి నాకు చోటు దొరికింది. ఊళ్లో నయీమ్ పేటలో ఉన్న నా సొంత గదికి పోలేను. అక్కడ నాతో ఉండే ముగ్గురూ మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వాళ్లే.

మొన్న శుక్రవారమే ఫెలోషిప్‌లో నాకు ప్రయాణ ప్రార్థన చేశారు. ఎవరు ఊరెళ్లినా తప్పని ఆచారం అది. వెళ్లేముందు మధ్యలో నిలబెట్టి తలమీద చేతులు పెడతారు, తిరిగొచ్చాక మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పమంటారు. మా సంఘపెద్ద యెహోషువ అంకుల్ ఎంతసేపు ప్రార్థించారంటే, ఆయన చేతి బరువుకి నేను అర అంగుళం పొట్టయ్యాను. మలుపులను, లోయలను, జారే కొండచరియలను పేరుపేరునా ప్రభువుకి అప్పగించారు. వాళ్లావిడ రోజీ ఆంటీ ఒక గోంగూర సీసా, ఒక మంకీ క్యాప్ ఇచ్చారు. వాళ్లమ్మాయి నిస్సీ ఏమీ ఇవ్వలేదు. "రోజుకో ఫోటో పెట్టు చాలు," అంది. ఏడాదిగా ఆ అమ్మాయి చెవి దగ్గర స్పితి స్పితి అని కూసింది నేనే.

ఎందుకు వెళ్లలేదంటే, వాతావరణం అనుకూలించలేదు.

ఆగస్టు 19

మంకీ క్యాప్ పెట్టుకుని చూశాను. బయట నలభై మూడు డిగ్రీలు. అద్దంలో మాత్రం పర్వతారోహకుడే.

ఆగస్టు 20

లెక్క ప్రకారం ఇవాళ చిత్కుల్‌లో ఉన్నాను. టిబెట్ వైపు వెళ్లే దారిలో మన చివరి ఊరు. దాని తర్వాత ఊరు లేదు, కొండలే. చెక్క ఇళ్లు, పలకరాళ్ల కప్పులు. పొలాల నిండా గులాబిరంగు పూలు, మోకాలి ఎత్తున. పక్కనే బస్పా నది, రాళ్ల మీద తెల్లగా విరిగి, మళ్లీ కలిసి, మళ్లీ విరుగుతూ.

కళ్లు మూసుకుంటే వినిపిస్తోంది. ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడే అది, నాకు తెలుసు. కానీ ఒక దశ దాటాక నీళ్లకి కూడా తాము ఎక్కడ పడుతున్నామో తెలియదనుకుంటాను. దుప్పటి గళ్లు పొలాల్లా ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి కిటికీ పరదా వెనక ఎండ మంచులా తెల్లగా కాసింది. పూల మధ్య నుంచి ఎవరో నడిచి వస్తున్నారు. నిస్సీలాగే ఉంది గానీ ముఖం కనబడలేదు.

లింబాద్రన్న డ్యూటీ దిగి వచ్చి తలుపు తట్టాడు.

"ఏడిదాంక వొయినవ్ తమ్మీ ఇయ్యాల?"

"చిత్కుల్ అన్నా. నది ఒడ్డున ఉన్నా."

"బువ్వ తిన్నవా ఆడ?"

"ఇంకా లేదు."

"లే మరి. పప్పుచారు వెట్టిన. నీ నది ఏడికి వోదు."

నిస్సీకి బాత్రూంలోంచి వాయిస్ మెసేజ్ పెట్టాను. అక్కడ గొంతు లోయలోంచి వచ్చినట్టు మోగుతుంది. చలికి ఫోన్ కెమెరా పనిచేయడం లేదని చెప్పాను.

ఆగస్టు 21

నాకో. కొండ మీద ఒక చెరువు, దాని చుట్టూ ఒక ఊరు. చూశాను. నిద్రపోయాను.

ఆగస్టు 23, శుక్రవారం

టాబో. వెయ్యేళ్ల కిందట మట్టితో కట్టిన మఠం. లోపల దీపం పెట్టరట, రంగులు పాడవుతాయని. పైనుంచి ఒకే ఒక్క వెలుగు పడుతుంది. కాసేపు ఏమీ కనబడదు. తర్వాత గోడల్లోంచి ఒక్కొక్కరే బయటికొస్తారు, నీలం ముఖాలవాళ్లు, బంగారు చేతులవాళ్లు, మబ్బు మీద కూర్చున్నవాళ్లు.

శుక్రవారం ఇక్కడ సెలవు కదా, క్యాంపు కింది గ్యారేజీలో పని లేదు. కాసేపు అక్కడికి దిగాను. రేకు కప్పుకి ఉన్న చిల్లుల్లోంచి ఎండ పడుతోంది. చీకట్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి: టైరు, ఇంజను, బంపరు, మళ్లీ టైరు. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇదివరకు ఏ టైరునీ అంత శ్రద్ధగా చూడలేదు.

ఇదే సమయానికి ఫెలోషిప్‌లో ఆరాధన జరుగుతోంది. నిస్సీ మెసేజ్: "ఇవాళ ప్రార్థనలో అందరికంటే ముందు నీ పేరే వచ్చింది. అమ్మ ఏడ్చింది కూడా."

బ్యాగు బరువెక్కువైంది. అందుకే వెళ్లలేదు. ఇరవై మూడు కిలోలు దాటిపోయింది.

ఆగస్టు 26

ఇవాళ ఒకే రోజులో లాంగ్జా, హిక్కిమ్, కోమిక్. అన్నీ పద్నాలుగు వేల అడుగుల పైమాటే. లాంగ్జాలో నేల తవ్వితే శిలగా మారిన గవ్వలు దొరుకుతాయి. ఒకప్పుడు అక్కడంతా సముద్రమట. హిక్కిమ్‌లో ఒక పోస్టాఫీసు ఉంది. ఆకాశానికి ఉత్తరం వేయాలంటే అక్కడే వేయాలి, తక్కువ దూరం కాబట్టి.

రోజీ ఆంటీ వాయిస్ మెసేజ్ పెట్టారు. "బాబూ టిమోతీ, అంత ఎత్తులో ఊపిరి ఆడుతోందా నాన్నా? గాలి ఉండదంటగా అక్కడ." ఆంటీకి ఉబ్బసం. చేతిసంచిలో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉంటుంది.

నేను మంచం మీద కాలు మీద కాలేసుకుని జవాబు పెట్టాను. "గాలికేం ఆంటీ, కావలసినంత ఉంది. కోమిక్‌లో నేను పరిగెత్తాను కూడా." ఆయాసం లేదని నిరూపించడానికి పది అడుగులు పరుగు చప్పుడు కూడా చేశాను, చెప్పులతో.

లింబాద్రన్న ఉల్లిగడ్డ కోస్తూ అంతా విన్నాడు. ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నాడు.

ఆగస్టు 29

ఇవాళ ఎక్కడికీ వెళ్లలేదు. తొడలు నొప్పి.

సెప్టెంబర్ 1

తిరిగి వచ్చాను. లింబాద్రన్న నన్ను నయీమ్ సందు చివర దించి, "హిమాలయాల కెళ్లి మంచిగ అచ్చినవా," అని అడిగాడు. బస్సులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. క్యాంపు నీళ్లకి ముఖం నల్లబడింది. మంచు ఎండకి అలాగే అవుతుందని రూమ్మేట్లే చెప్పుకున్నారు. నేను చెప్పలేదు. ఇది గమనించాలి.

సెప్టెంబర్ 6, శుక్రవారం

సాక్ష్యం చెప్పాను.

రెండు ముక్కలు చెప్పి కూర్చుందామనే లేచాను. చంద్రతాల్ దగ్గర ఆగలేకపోయాను. అదొక సరస్సు, నెలవంక ఆకారంలో ఉంటుంది. పొద్దున నీలం, మధ్యాహ్నం పచ్చ, సాయంత్రానికి ఏ రంగో చెప్పడానికి మనిషి దగ్గర మాట ఉండదు. ఒడ్డున నిలబడితే కొండ ఏది, నీళ్లలో కొండ ఏది అని తేడా తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. ఇలా చెబుతూ, మైకు లేని చేత్తో ఒడ్డు ఎక్కడుందో చూపించాను. నేను నటించలేదు. నేనున్నాను అక్కడ. కాళ్లకి నీళ్లు తగిలాయి.

నిస్సీ తల వంచుకుని కళ్లు తుడుచుకుంది. ఏడాది కూతలకి రాని ఫలితం అది.

కూర్చునేముందు రోజీ ఆంటీకి ఒక రాయి ఇచ్చాను. అరచేతిలో పట్టేంత. మధ్యలో గవ్వ అచ్చు, గీతలతో సహా స్పష్టంగా ఉంది. "లాంగ్జా నుంచి ఆంటీ," అన్నాను.

ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకున్నారు. "ఉప్పాడలో పుట్టాను. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లు. బతుకంతా సముద్ర మట్టం మీదే గడిచిపోయింది నాకు. ఈ గవ్వ చూడండి, ఎంత ఎత్తెక్కిందో. ఇది వెళ్లింది, నేను వెళ్లలేనా?"

అప్పుడు యెహోషువ అంకుల్ మైకు తీసుకున్నారు. ముప్పయ్యో పెళ్లిరోజుకి రోజీ ఆంటీని స్పితి తీసుకెళుతున్నారట. టిక్కెట్లు ఈ నెల ఇరవై ఆరుకి. నా దారే, నా ఊళ్లే, కోమిక్‌తో సహా. "టిమోతీ మెసేజ్ వచ్చిన రోజే అనుకున్నాం. ఊపిరికి ఇబ్బంది లేదని మనబిడ్డే వెళ్లి చూసొచ్చాడు గదా. ఇంక మనకేంటి భయం?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సెప్టెంబర్ 7

డాక్టర్‌ని అడుగుతారులే.

సెప్టెంబర్ 9

అడగరట. "ఆళ్లనడిగితే మెట్లు కూడా ఎక్కొద్దంటారు," అన్నారు ఆంటీ.

సెప్టెంబర్ 11

కార్యాచరణ మొదలుపెట్టాను. అంకుల్‌కి ఫోన్ చేసి, ఈసారి స్పితిలో మంచు ముందే పడుతోందని గంభీరంగా తెలియజేశాను.

"మంచిదేగా. చూడ్డానికేగా ఎళ్లేది," అన్నారాయన.

రోడ్లు బాగాలేవన్నాను. నువ్వెళ్లావు కదా అన్నారు. హోటళ్లలో వేడినీళ్లు రావన్నాను. నువ్వుండలేదా అన్నారు. ఆఖరి అస్త్రంగా ఆంటీకి అక్కడి మరుగుదొడ్ల పరిస్థితి కళ్లకు కట్టినట్టు వర్ణించాను.

"నేను ఉప్పాడ ఇసకలో పెరిగినదాన్నయ్యా. నాకా చెప్తున్నావ్?" అని పడీపడీ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ దగ్గు నా దగ్గరే ఉండిపోయింది.

నేను ఏ తలుపు మూసినా, దాన్ని తెరిచి పెట్టినవాణ్ణి నేనే.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఆరాధనకి వెళ్లలేదు. కడుపునొప్పి అన్నాను. నిజంగానే వచ్చింది.

సెప్టెంబర్ 16

నిస్సీ ఫోన్ చేసింది. "అమ్మ స్వెటర్లు కొంటోంది. ఎన్ని కావాలో వచ్చి చెప్పు."

వాళ్లిల్లు నయీమ్‌లోనే, మా సందుకి రెండు సందుల అవతల. పాత బిల్డింగు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నేను వెళ్లేసరికి ఆంటీ కింద మెట్ల దగ్గర కొత్త బూట్లు వేసుకుని నిలబడి ఉన్నారు.

"ప్రాక్టీసు బాబూ. వారం నుంచీ రోజుకి రెండు సార్లు. పద, నీ ఎనకాలే వస్తాను."

నేను ముందు నడిచాను. వెనక ఆవిడ ఊపిరి. మొదటి మలుపు దాకా మామూలుగా ఉంది. ఆ తర్వాత సన్నటి ఈల కలిసింది. పదిహేడో మెట్టుకి ఈలే మిగిలింది. తిరిగి చూస్తే రెండో అంతస్తు దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఒక చేతిలో ఇన్‌హేలర్, ఒక చేతిలో నా రాయి. పెదాల రంగు మారింది.

నేను పక్కన కూర్చున్నాను. ఒక జోకు వేశాను. ఏ జోకో గుర్తు లేదు.

ఆంటీ ఊపిరి కుదుటపడ్డాక నా భుజం తట్టారు. "కంగారుపడకు. నువ్వు కోమిక్‌లో పరిగెత్తావు గదా. నేను నడుస్తాను, అంతేగా. అక్కడి గాలి వేరు. నువ్వే అన్నావు."

స్వెటర్లు మూడు చాలన్నాను.

సెప్టెంబర్ 17

మీనా సల్మాన్ రేవులో మా కంపెనీ గోదాములో ఇవాళ సామాన్ జాబితా రెండుసార్లు తప్పు కొట్టాను. సాయంత్రం బస్సులో అందరూ దిగాక, లింబాద్రన్న సీటు వెనక కూర్చుని మెట్ల సంగతి చెప్పాను.

ఆయన అద్దంలోంచి చూశాడు. "మరి చెప్పు ఆళ్లకు."

"చెబితే ఏమవుతుందో తెలుసా అన్నా? నిస్సీ నా ముఖం చూడదు. నూరుమంది ముందు సాక్ష్యం చెప్పినవాణ్ణి. ఈ ఊళ్లో తెలుగువాళ్లందరికీ నేను ఒక కథ అయిపోతాను."

"అయితవ్. ఒక్క నెల నవ్వుతరు. ఇగ అయిపాయె."

"అంత తేలికా?"

"తమ్మీ, నువ్వు పోకుంటే ఏంగాలే. ఇక్కన్నే పప్పుచారు తిన్నవ్, పన్నవ్. ఆమె పోతె ఏమైతదో అది జూడు. పదహారేండ్లాయె నేను ఈ దేశానికి అచ్చి. గిట్ల పోయినోళ్లను శానమందిని జూసిన, తిరిగి రానోళ్లను." బస్సు ఆపి వెనక్కి తిరిగాడు. "నీ ఇజ్జతు పెద్దదా, ఆమె పానం పెద్దదా?"

బస్సు దిగలేదు నేను. సల్మాబాద్ దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కొచ్చాను.

ఇక రాసుకోవాలి. ఇది నా పుస్తకం, చదివేవాడు నేను ఒక్కణ్ణే. వాతావరణం బాగానే ఉంది. బ్యాగు పద్దెనిమిది కిలోలు. ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాను. చెక్ఇన్ కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని, స్పితిలో కాజా వెళ్లే రోడ్డు వీడియో చూశాను. ఒకవైపు కొండ, ఒకవైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్నే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. చిన్నప్పుడు వాటర్ ట్యాంకు నిచ్చెన మీద ఐదో మెట్టు దగ్గర ఏడ్చినవాణ్ణి. ఇనప మంచం పైకి కూడా ఎక్కనివాణ్ణి. కౌంటర్ మూసేదాకా ఆ కుర్చీలోనే ఉండి, లింబాద్రన్నకి ఫోన్ చేశాను.

భయమేసింది. అంతే.

సెప్టెంబర్ 18

ఇవాళ చెబుతాను.

సెప్టెంబర్ 19

ఇవాళ.

సెప్టెంబర్ 20, శుక్రవారం

ఆంటీ, అంకుల్‌ల ప్రయాణ ప్రార్థన. ఇద్దరినీ మధ్యలో నిలబెట్టారు. ఆంటీ కొత్త శాలువా, కొత్త బూట్లు. చేతులు పెట్టడానికి అందరూ లేచేలోపు నేను వెళ్లి మైకు పట్టుకున్నాను.

"నేను స్పితి వెళ్లలేదు," అన్నాను. "సల్మాబాద్ వెళ్లాను."

హాలంతా నవ్వు. వెనక వరసలో ఎవరో ఈల కూడా వేశారు. యెహోషువ అంకుల్ నవ్వుతూ, "ఒరేయ్ టిమోతీ, ప్రార్థన టైములో కామెడీ ఏంట్రా," అన్నారు. మూడేళ్లుగా వీళ్లందరినీ నవ్వించినందుకు నాకు దక్కిన జీతం అది. నిజం చెప్పినా జోకే.

"నిజం అంకుల్. చిత్కుల్ లేదు, టాబో లేదు. లింబాద్రన్న గదిలో పదిహేను రోజులు పడుకున్నాను." ఇంకా పెద్దగా నవ్వారు.

జేబులోంచి పాస్‌పోర్టు తీసి అంకుల్ చేతికిచ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. ఒక్కో పేజీ తిప్పారు. ఆగస్టు కోసం వెతుకుతున్నారు. ఇక్కడ బయటికెళ్లినట్టు ముద్ర లేదు, అక్కడ దిగినట్టు ముద్ర లేదు. చివరి పేజీ దాకా వెళ్లి మళ్లీ మొదటి నుంచి తిప్పారు. అప్పటికి నవ్వులన్నీ ఆగిపోయాయి. కాగితాల చప్పుడు మైకులో వినబడుతోంది.

"కోమిక్‌లో నేను పరిగెత్తలేదాంటీ," అన్నాను. "చెప్పులతో మంచం పక్కన పరిగెత్తాను. అక్కడ గాలి ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీరు మెట్ల మీద కూర్చున్న రోజే చెప్పాల్సింది. దయచేసి డాక్టర్‌ని అడగండి."

అంకుల్ పాస్‌పోర్టు మూసి నాకిచ్చారు. నా ముఖం చూడలేదు. నిస్సీ చూసింది, చూసి బయటికి వెళ్లిపోయింది.

రోజీ ఆంటీ మాత్రం అక్కడే నిలబడ్డారు. శాలువా సర్దుకుని అడిగారు.

"రాయి కూడానా?"

మైకు స్టాండులో పెట్టి వచ్చేశాను.

సెప్టెంబర్ 21

మా గదిలో నాతో ఎవరూ మాట్లాడలేదు. గిన్నెలు నేనే కడిగాను.

సెప్టెంబర్ 25

అంకుల్ ఫోన్ చేశారు. గొంతు కటువుగా ఉంది. నిస్సీ పట్టుబట్టి ఆంటీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిందట. అంత ఎత్తు మాటే ఎత్తొద్దన్నారట. వెళ్లి తీరాలంటే స్పితికి ముందే, దారిలో వచ్చే కల్పా దాకా, అదీ రోజుకి కొంచెం కొంచెం ఎక్కుతూ, మందులు వెంటబెట్టుకుని. పది వేల అడుగుల లోపు.

"కోమిక్ తీసేశాం," అన్నారు. "పైకెళ్లాక ఆయాసం వస్తే దగ్గర్లో ఆసుపత్రి కూడా ఉండదన్నాడ్రా డాక్టరు."

"అవునంకుల్."

"ఊఁ," అని పెట్టేశారు.

అక్టోబర్ 4, శుక్రవారం

రెండు వారాల తర్వాత నిస్సీ నుంచి మొదటి మెసేజ్. మాట లేదు. ఫోటో ఒక్కటే.

కల్పాలో ఏదో చెక్క ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ. అందులో రోజీ ఆంటీ. తలమీద మంకీ క్యాప్, మూడు స్వెటర్లు, ఒడిలో ఇన్‌హేలర్. వెనక కిన్నర్ కైలాస్ పర్వతం మొత్తం, మంచుతో, పొద్దుటెండలో. ఇన్నాళ్లూ నేను కళ్లు మూసుకుని చూసినదానికీ దీనికీ ఏ పోలికా లేదు. నేను చూసింది చిన్నది.

చూస్తుండగానే ఆంటీ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక గాలి హోరు. "బాబూ టిమోతీ, బాగుందయ్యా ఇక్కడ. మెల్లగా వచ్చాం. మధ్యలో రెండు సార్లు కూర్చున్నాను. పరిగెత్తలేదు. రాయి తెచ్చుకున్నాను. ఎక్కడిదో నువ్వింకా చెప్పలేదు."

ఆ మెసేజ్ పదిసార్లు విన్నాను. జవాబు పెట్టేముందు ఇక్కడ రాసుకుంటున్నాను, మాట తప్పకుండా ఉండటానికి.

ఆంటీ, ఆగస్టు ఇరవై తొమ్మిదిన నేను ఎక్కడికీ వెళ్లలేదని ఈ పుస్తకంలో కూడా రాశాను. వెళ్లాను. తెల్లవారుజామున లింబాద్రన్న పికప్‌లో జెబెల్ దుఖాన్‌కి తీసుకెళ్లాడు. "మీ హిమాలయాలు ఏమో గని, ఈ దేశంల ఉన్నది గిదొక్కటే గుట్ట. ఇదన్న ఎక్కు," అన్నాడు. ఈ దీవి మొత్తంలో అదే ఎత్తైన చోటు. దాని ఎత్తుని మీ కల్పాలో కోళ్లు కూడా లెక్కచేయవు. సగంలో నా తొడలు పట్టేశాయి. కిందికి చూడొద్దని లింబాద్రన్న నా మణికట్టు పట్టుకున్నాడు. పైకెక్కాక నేలమీద ఆ రాయి కనబడింది. గవ్వ అచ్చుతో. ఇక్కడా ఒకప్పుడు సముద్రమే ఉండేదట, మా నెత్తి మీద. నేను దాని అడుగున నిలబడి, ఎగిరే చేపల కోసం కాసేపు పైకి చూశాను. ఎండ వచ్చేసింది. దిగాం.

ఈ ఏడు వారాల్లో నేను నిజంగా చేసింది అదొక్కటే. నూట ముప్పై నాలుగు మీటర్లు. నేనూ మధ్యలో రెండు సార్లు కూర్చున్నాను.

పరిగెత్తలేదు.